ఈవేళ వంటగది పోయింది

మా వీధిలో అందరూ ఆమెని గీతలక్క అంటారు. కొత్తగా దిగినవాళ్లు అదే పేరనుకుని "గీతగారూ" అని పిలుస్తారు. ఆమె సరిదిద్దదు, పలుకుతుంది. అసలు పేరు పోస్టులో వచ్చే కవర్ల మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. గీతలు గీయడం ఆమె పని. ఇంజనీరు పెన్సిలుతో గబగబా గీకి పంపిన బొమ్మని, కొలతలు సరిచూసి, కంప్యూటర్లో ప్లానుగా గీసి పంపిస్తుంది. ఆ ప్లాను ప్రకారం గోడలు లేస్తాయి. మా చుట్టుపక్కల కొత్తగా కట్టిన ఇళ్లలో సగానికి మెట్లెన్నో తేల్చింది ఆమే. వాటిలో ఒక్క ఇంట్లోకీ ఆమె అడుగుపెట్టలేదు.

పదిహేడేళ్లప్పుడు ఒక డ్రాయింగ్ ఆఫీసులో పనికి చేరిందట. అప్పటికి కంప్యూటర్లు రాలేదు. వాలుబల్ల మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి సిరా పెన్నుతో గీసేవాళ్లు. తప్పు పడితే బ్లేడుతో ఆ గీతని గీరి తీసేయాలి, కాగితం చిరక్కుండా. ఆమె గీరిన చోటు వెలుతురుకి పట్టి చూసినా తెలిసేది కాదని ఇంజనీరు ఒకసారి నాతో అన్నాడు. ఆమె ముప్పై ఎనిమిదో ఏట ఆఫీసులోకి కంప్యూటర్లొచ్చాయి. పాత పుస్తకాల షాపులో ఒక పుస్తకం కొనుక్కుని, అందులో ఉన్న ప్రతి బొమ్మనీ ఒకటి తర్వాత ఒకటి గీసి నేర్చుకుంది. తోటివాళ్లు నలుగురు మానేశారు. ఈమె మిగిలింది.

సిరా రోజుల అలవాటు ఒకటి మాత్రం పోలేదు. గది నాలుగు గోడలూ కలిసేదాకా చెయ్యి ఎత్తదు. కంప్యూటర్లోనూ అంతే, గది పూర్తయ్యాకే సేవ్ చేస్తుంది. ఆమె కంప్యూటర్ రిపేర్లు చూసేది నేనే. పది నిమిషాలకోసారి సేవ్ నొక్కండక్కా అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

"గోడ సగంలో ఉండగా ఎలా సేవ్ చేస్తాను?"

"సగం గోడ సేవ్ అవుతుందక్కా."

"సగం గోడ ఎవరిక్కావాలి?"

దానంతటదే సేవ్ అయ్యేలా పెట్టి ఇచ్చాను. గీత మధ్యలో తడబడుతోందని మర్నాడే తీసేసింది.

అందుకే కంప్యూటర్ పాడైందని చెప్పే తీరు కూడా ఆమెది వేరుగా ఉంటుంది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"ఆగిపోతోంది," అంది.

"ఎప్పట్నుంచక్కా?"

"మొన్నట్నుంచి. నిన్న మెట్లు పోయాయి. ఈవేళ వంటగది పోయింది."

విసుగు లేదు, కంగారు లేదు. కొనాల్సిన సామాన్ల చీటీ చదివినట్టు చెప్పింది.

ఆమె ఉండేది మొదటి అంతస్తులో, రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల. బల్ల కింద రెండు తలుపుల అర ఉంది. దుమ్ము పడకుండా కంప్యూటర్ డబ్బాని అందులో నిలబెట్టి తలుపులు మూసి ఉంచుతుంది. బల్ల పైన ఖాళీ ఉండదు, అన్నీ ఇంజనీరు పంపిన ట్రేసింగ్ కాగితాలే. తెర అంచుకి గుండ్రటి చిన్న అద్దం టేపుతో అంటించి ఉంటుంది. అందులోంచి చూస్తే ఆమె వీపు వెనకున్న వీధి తలుపు, తలుపు పక్కన కుర్చీ, కుర్చీలో వాళ్ల అన్నయ్య కనిపిస్తారు.

ఆయన ముప్పై ఒక్క ఏళ్లు బస్సు తోలాడు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేనడగలేదు, వాళ్లు చెప్పలేదు. రిటైరైన మూడో ఏడు ఆయనకి మతిమరుపు మొదలైంది. ముందు తాళాలు మర్చిపోయాడు, తర్వాత మనుషుల్ని, తర్వాత దారుల్ని. రెండేళ్ల కిందట ఒక ఉదయం యూనిఫారం వేసుకుని డ్యూటీకని నడిచి వెళ్లిపోయాడు. ఆ డిపో అక్కడ్నుంచి ఎత్తేసి పన్నెండేళ్లయింది. సాయంత్రానికి దొరికాడు. ఆ మర్నాటి నుంచి ఆమె ఆఫీసుకి వెళ్లడం మానేసి ఇంట్లోనే కూర్చుని గీస్తోంది. తలుపుకి బయట గడియ పెట్టుకుని వెళ్లొచ్చు కదా అని ఎవరో సలహా ఇస్తే, "ఆయన మనిషి," అందట. అద్దం ఆలోచన ఆయనదే. తెలివిగా ఉన్న ఒక పూట చెప్పాడట, డ్రైవరన్నవాడు అద్దం చూడకుండా నిమిషం ఉండకూడదని.

నేను వెళ్లేసరికి కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు.

"రావయ్యా మేస్త్రీ! పొద్దుట్నుంచి బండి ఆగిపోయి ఉంటే ఎక్కడ తిరుగుతున్నావు?"

"దారిలో ఆలస్యమైందన్నా."

"డీజిల్లో గాలి చేరింది. పంపు కొట్టు, పోతుంది."

"అన్నయ్యా, అతను డిపో మనిషి కాదు," అంది గీతలక్క.

"కాకపోతే సంచీలో స్క్రూడ్రైవర్లెందుకున్నాయి?"

గీతలక్క కాగితాలన్నీ పోగుచేసి సొరుగులో పెట్టింది. పైన ఫ్యాన్ వేసింది. స్టూలు జరిపి, "కూర్చో. ఎండన పడి వచ్చావు," అని మంచినీళ్లు తెచ్చిచ్చింది. తర్వాత అర తలుపులు తెరిచింది.

మొదటి తప్పు అక్కడే చేశాను. మన మాటలో ఆగిపోవడం రెండు రకాలు. నడుస్తున్నది కదలకుండా నిలబడిపోయినా ఆగిపోయిందంటాం, దీపం ఆరినట్టు ఆరిపోయినా ఆగిపోయిందంటాం. కంప్యూటర్లో ఈ రెండూ వేరు వేరు జబ్బులు. బొమ్మ తెర మీదే ఉండి కదలకపోతే వెతకాల్సిన చోటు ఒకటి, మొత్తం ఆరిపోతే వెతకాల్సిన చోటు ఇంకొకటి. ఏ ఆగిపోవడమో నేను అడగలేదు. నా షాపుకొచ్చే పదిమందిలో ఎనిమిదిమంది మొదటి రకమే చెబుతారు గనుక ఇదీ అదే అనుకున్నాను. డబ్బా బయటికి తీసి, పడుకోబెట్టి, మెమరీ మార్చాను. విండోస్ మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించాను. సాయంత్రం దాకా పట్టింది. అంతసేపూ చక్కగా నడిచింది.

మూడో రోజు ఫోన్.

"ఆగిపోయింది."

"ఏం పోయిందక్కా?"

"మేడ మీద పెద్దగది. రెండుసార్లు."

ఈసారి అడిగాను. "ఆగిపోయినప్పుడు తెర మీద బొమ్మ ఉంటుందా?"

"ఆగిపోతే బొమ్మెలా ఉంటుంది?"

"అంటే?"

"మొత్తం పోతుంది. నల్లగా."

నెత్తి మీద ఒకటి మొట్టుకున్నాను. ముందే అడిగుంటే ఒక రోజంతా మిగిలేది, ఆమెకీ నాకూ. వెంటనే వెళ్లాను. మళ్లీ కాగితాలు సొరుగులోకి వెళ్లాయి, ఫ్యాన్ తిరిగింది, మంచినీళ్లొచ్చాయి. అన్నయ్య ఈసారి క్లచ్ ప్లేటు అరిగిపోయిందని తేల్చాడు. కాదని నేనంటే, "అయితే బ్యాటరీ. బ్యాటరీ కాకపోతే ముందు టైర్లో మేకు దిగుంటుంది, చూడు," అన్నాడు.

ఉన్నట్టుండి ఆరిపోయేదానికి ముందుగా అనుమానించాల్సింది లోపలికి కరెంటు పంచే పెట్టెని. అది మార్చాను. గోడలో ప్లగ్గు విప్పి వైర్లు బిగించాను. డబ్బాని నేల మీద పడుకోబెట్టి గంటన్నర నడిపించాను, బరువైన డ్రాయింగులు నాలుగు ఒకేసారి తెరిచి పెట్టి. ఏమీ కాలేదు. మళ్లీ నిలబెట్టి, అరలో పెట్టి, తలుపులు మూసి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "వరండా పోయింది."

ఇక లాభం లేదని డబ్బాని షాపుకి తెచ్చుకున్నాను. బల్ల మీద పక్కకి పడుకోబెట్టి రెండు రోజులు ఆపకుండా నడిపాను. ఒక్కసారి కూడా ఆరలేదు. కంప్యూటర్ రిపేరు చేసేవాళ్లందరికీ ఇది తెలిసిన బాధే. మన చేతికొస్తే బుద్ధిగా ఉంటుంది, ఇంటికి వెళ్తే మొదటికొస్తుంది. నా దగ్గర అంతా బాగుందని ఆమెతో చెప్పడానికి సిగ్గేసింది.

ఆ రెండు రోజుల్లో అక్కడ ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. పని లేకపోయేసరికి గీతలక్కకి కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్ర పట్టేసింది. పగలు నిద్రపోవడం ఆమెకి రెండేళ్లలో అదే మొదటిసారి. లేచేసరికి అద్దంలో ఖాళీ కుర్చీ కనబడింది. అన్నయ్య నాలుగు వీధుల అవతల బస్ స్టాపులో నిలబడి, వచ్చిన ప్రతి బస్సునీ ఆపి, ఈ బండి తనదని చెబుతున్నాడట. మందుల షాపాయన గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

అదే సాయంత్రం ఇంజనీరు ఫోన్ చేశాడు. ఆ రోజుల్లో ఆమె గీస్తున్నది ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రి, మొత్తం తొమ్మిది షీట్లు. అప్పటికే రెండుసార్లు గడువు దాటింది. ఇంజనీరు చెడ్డవాడేం కాదు. ఆమె దగ్గర కూర్చుని పని నేర్చుకున్నవాడే.

"మేడమ్, శుక్రవారం పన్నెండింటికి తొమ్మిది షీట్లూ రావాలి. రాకపోతే ఇంటి నుంచి చేయడం ఇక కుదరదు. ఆఫీసుకి రండి, మంచి సిస్టమ్ ఇస్తాను."

"అన్నయ్య ఉన్నాడుగా."

"ఎక్కడైనా చేర్పించండి మేడమ్. ఇప్పుడు పెద్దవాళ్లకి మంచి హోములే వచ్చాయి. ఆయనకీ బాగుంటుంది."

ఇదంతా ఆమె నాకు ఫోన్లోనే చెప్పింది, ఇద్దరి మాటలూ ఒకే గొంతుతో, ఎక్కడా ఆగకుండా. చివర్న, "డబ్బా తెచ్చి పెట్టేయి," అంది. తెచ్చి పెట్టాను. బుధవారం ఒక్క రోజే మూడుసార్లు పోయింది.

గురువారం ఉదయం నేను చెప్పకుండానే వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. అన్నయ్య కుర్చీలో కూర్చుని నన్ను చూసి, "మేస్త్రీ వచ్చాడమ్మడూ," అని కేకేశాడు. ఆమె తిరగలేదు. కూర్చో అనలేదు. కాగితాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను వంగి అర తలుపు మీద చెయ్యి వేశాను.

"ముట్టుకోకు," అంది.

"చూడాలి కదక్కా."

"కళ్లతో చూడు. నేను లేవను. ఇంకా నాలుగు షీట్లున్నాయి."

కోపం కూడా కాదది. కోపమైతే నాకు కాస్త తేలికగా ఉండేది. స్టూలు నేనే లాక్కుని ఆమె వెనక, కొంచెం పక్కగా కూర్చున్నాను. చేయడానికేమీ లేదు. చూస్తూ కూర్చున్నాను.

ఇన్నేళ్లలో ఆమె కంప్యూటర్ని ఎన్నోసార్లు విప్పాను గానీ ఆమె పనిచేయడం చూసింది ఆ రోజే. ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి మౌసు మీద. ఎడమ చెయ్యి ఏ గీతో చెబుతుంది, కుడి చెయ్యి ఎక్కడో చెబుతుంది. పెదవులు కదులుతుంటాయి, కొలతలు లోపల్లోపల చదువుకుంటుంది. ముందు గోడ బయటి గీత, తర్వాత లోపలి గీత, తర్వాత తలుపు చోటు తెంపడం, ఆ తలుపు ఎటు తెరుచుకుంటుందో చిన్న వంపు. నాలుగైదు గీతలకోసారి కళ్లు అద్దం వైపు వెళ్లి వస్తాయి. చేతులు మాత్రం ఆగవు. ఒక చోట ఇంజనీరు ప్రసవ గది తలుపు తప్పు వైపు పెట్టాడు. అలా ఉంటే స్ట్రెచర్ మలుపు తిరగదు. ఆమె తలుపు తిప్పి గీసి, అతని కాగితం మీద ఆ చోట పెన్సిలుతో ఒక చుక్క పెట్టింది, అంతే. అలాంటి చుక్కలు ఆ ఒక్క కాగితం మీదే ఆరు లెక్కపెట్టాను.

కాగితాల మధ్యలోంచి అచ్చేసిన ఫారం ఒకటి కొంచెం బయటికి కనబడుతోంది. ఏదో హోముది. పేరు, వయసు, వాడే మందులు, చేసిన ఉద్యోగం, ఇష్టమైనవి, అన్నీ నింపేసి ఉన్నాయి, ప్లాను మీద గదుల పేర్లు రాసే అదే తీరైన అక్షరాలతో. ఇష్టమైనవి అన్నచోట "కిటికీ పక్క సీటు" అని ఉంది. సంతకం చోటు ఒక్కటే ఖాళీ. నేను చూపు తిప్పుకున్నాను.

ఉక్కగా ఉంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆ గదిలో నాకు ఎప్పుడూ అంత చెమట పట్టలేదు, ఎందుకో అప్పుడు తట్టలేదు. నాకు తట్టింది ఇంకొకటి. ఆమె మౌసు నొక్కాక ఒక్క క్షణం ఆగుతోంది. గీత పడ్డాక మళ్లీ కదులుతోంది.

"అక్కా, నొక్కాక ఆగుతున్నారేం?"

"అది ఆలోచించుకుంటుంది."

"ఎప్పట్నుంచి ఆలోచించుకుంటోంది?"

ఒక తలుపు గీసింది. "చల్లగా ఉన్న రోజుల్లో ఆలోచించేది కాదు," అంది.

నేను స్టూలు మీంచి లేచేలోపే తెర నల్లబడింది. గదిలో చప్పుడంతా ఒక్కసారిగా తగ్గిపోయింది. తెరలో ఆమె ముఖం కనబడింది, అందులోనూ ఏ మార్పూ లేదు.

"ప్రసవ గది పోయింది," అంది.

ఇన్ని రోజుల్లో అది నా కళ్ల ముందు ఆరిపోవడం అదే మొదటిసారి. అర తలుపులు తెరిచి చెయ్యి పెట్టాను. పొయ్యి తలుపు తీసినట్టు వేడి కొట్టింది. తలెత్తి పైకి చూశాను. ఫ్యాన్ తిరగడం లేదు.

"అక్కా, మీరు ఫ్యాన్ వేసుకోరా?"

"వేస్తే ఇవన్నీ ఎగిరిపోవూ?" అంది, కాగితాల వైపు గడ్డం ఆడించి.

"మరి నేనొచ్చినప్పుడల్లా వేస్తారుగా."

"నువ్వొస్తున్నావంటే కాగితాలు తీసి లోపల పెట్టేదాన్ని. ఎండలో వచ్చేవాడివి కదా అని. ఇవాళ వేయబుద్ధి కాలేదు."

ఆ మర్యాదే నాకు అడ్డం పడిందని అప్పుడు అర్థమైంది. నేను వచ్చిన ప్రతిసారీ గది చల్లబడింది, అర తలుపులు తెరుచుకున్నాయి, పని ఆగింది. జబ్బు నా ఎదుట పడే వీలే లేకుండా పోయింది. ఆవేళ ఆమెకి ఓపిక అయిపోయింది గనుక బయటపడింది.

డబ్బాని ఈసారి పడుకోబెట్టలేదు. నిలబడి ఉన్నది నిలబడినట్టే ఉంచి, పక్క రేకు మాత్రం విప్పి టార్చి కొట్టాను. లోపల ప్రాసెసర్ మీద, దాని వేడి లాగేసేందుకు, రేకుల దిమ్మ ఒకటి ఉంటుంది, దానికో చిన్న ఫ్యాను. ఆ దిమ్మకి నాలుగు ప్లాస్టిక్ కాళ్లు. నాలుగూ బోర్డులోకి దిగి టక్కుమనాలి. వేలితో ఒక్కొక్కటే నొక్కి చూశాను. పై ఎడమ కాలు కదిలింది. అది లోపలికి దిగనే లేదు. డబ్బా నిలబడి ఉన్నప్పుడు దిమ్మ బరువుకి ఆ మూల విడిపోయి సన్నటి సందు పడుతోంది, వేడి పోయే దారిలేక కంప్యూటర్ ఆరిపోతోంది. పడుకోబెట్టగానే అదే బరువుతో మళ్లీ అంటుకుంటోంది. నేను ఇంట్లో పడుకోబెట్టి చూశాను, షాపులో పడుకోబెట్టి చూశాను. రెండు రోజులు నడిపినా ఎందుకు ఆరలేదో తెలిసిపోయింది.

ఆ దిమ్మని ఆఖరిసారి ఎవరు తీశారో కూడా తెలుసు. పోయినేడు దుమ్ము దులపడానికి విప్పి మళ్లీ బిగించింది నేనే. మూడు టక్కులు విని నాలుగు విన్నాననుకున్నట్టున్నాను. చలికాలం అంతా ఎలాగో నెట్టుకొచ్చింది. ఎండలొచ్చాక చేతకాలేదు.

చెప్పకుండా బిగించేసి వచ్చేయొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఆ ఫారం అక్కడే కనబడుతోంది.

"అక్కా, ఇది నా తప్పు."

ఆమె తిరిగి చూసింది. కాలు కదిపి చూపించాను. పోయినేడు సరిగ్గా బిగించలేదని చెప్పాను. ఆమె కుర్చీలోంచి వంగి, కళ్లజోడు పైకి నెట్టుకుని, ఆ కాలుని కాసేపు చూసింది. పని తెలిసినవాళ్లు ఇంకొకరి పని చూసినట్టే చూసింది.

"ఎన్ని కాళ్లు?"

"నాలుగు."

"మూడు దిగాయి."

"ఆ. మూడే దిగాయి."

"సరే."

నేను వంగినవాణ్ణి వంగినట్టే ఉన్నాను.

"తిట్టండక్కా."

"టైము లేదు," అంది. "ఎంతసేపు పడుతుంది?"

"అరగంట."

గడియారం చూసుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను దిమ్మ ఊడదీశాను. మధ్యలో వేడి దాటించడానికి పూసే లేపనం ఎండి పెంకు కట్టింది. గీకి, తుడిచి, కొత్తది పలచగా రాశాను. వదులైన కాలు మొన విరిగి ఉంది. సంచీలో పాత దిమ్మ ఒకటి ఉంటే దాని కాలు తీసి దీనికి వేశాను. బిగించేటప్పుడు టక్కు టక్కుకీ పైకి లెక్కపెట్టాను, ఆమెకి వినబడేలా. నాలుగయ్యాక ఒక్కొక్కటీ మళ్లీ లాగి చూశాను. తర్వాత మడతబందులు విప్పి అర తలుపులు రెండూ ఊడబీకి గోడకి ఆనించాను. అరకి వెనకున్న చెక్క కూడా తీసేశాను, గాలి అటు పోవడానికి.

అన్నయ్య కుర్చీలోంచి అంతా గమనిస్తూనే ఉన్నాడు.

"బానెట్ తీసేశావా? మంచిపని చేశావు. ఇంజను వేడెక్కుతోందని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా, నా మాట వినేదెవరు?"

"నువ్వు చెప్పందేముందన్నయ్యా," అంది గీతలక్క, "పంక్చర్ కూడా చెప్పావు."

"పంక్చర్ వేరు. అది ముందు టైరు."

ఆమె నవ్విందని చెప్పలేను. పెదవి ఒక పక్క కొద్దిగా కదిలింది.

కంప్యూటర్ వేశాను. తెర మూలలో వేడి ఎంతుందో చూపించే చిన్న అంకె కనబడేలా పెట్టాను. అది డెబ్బై దాటితే నాకు ఫోన్ చేయమన్నాను. ఆమె అప్పటికే ప్రసవ గది బయటి గోడ మొదలుపెట్టేసింది. నొక్కగానే గీత పడుతోంది. మొదటి రెండుసార్లు ఆమె చెయ్యి అలవాటుగా ఆగింది, మూడోసారి ఆగలేదు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. అంకె యాభై ఎనిమిది దగ్గర నిలబడింది. వెళ్తానంటే తల ఊపింది. సేవ్ చేయండక్కా అని చెప్పబోయి మానేశాను. ఆ రోజు ఆమెకి చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

శుక్రవారం ఉదయమంతా షాపులో ఏ పని ముట్టుకున్నా చెయ్యి సాగలేదు. ఒకరి ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే తీయడానికి గంట పట్టింది. పన్నెండుకి పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది.

"పంపాను," అంది.

"తొమ్మిదీనా?"

"తొమ్మిదీ."

"మధ్యలో ఏమైనా పోయిందా?"

"ఏదీ పోలేదు."

"ఇంజనీరు ఏమన్నాడు?"

"ఇంకా ఏమీ అనలేదు."

"సరేనక్కా, ఉంటాను మరి," అన్నాను.

"పెట్టేయకు," అంది. "జవాబొచ్చేదాకా ఉండు."

ఉన్నాను. అటు వీధిలో ఏదో బండి హారన్ కొట్టింది. దానికి అన్నయ్య ఏదో తిట్టాడు. ఆమె ఊపిరి వినబడుతోంది. నా ఎదురుగా ఒకాయన లాప్‌టాప్ పట్టుకుని నిలబడితే కూర్చోమని చేత్తో సైగ చేశాను. పన్నెండు దాటింది. పన్నెండుంబావు దాటింది. ఫోన్ చెవికి వేడెక్కింది, రెండో చెవికి మార్చుకున్నాను.

"వచ్చింది," అంది.

"చదవండక్కా."

"అందాయి మేడమ్. అన్నీ చూశాను, సరిపోయాయి. కొత్త సైటు స్కెచ్‌లు సోమవారం ఇంటికే పంపుతాను." మెట్లు పోయాయని చెప్పినప్పుడు ఎలా చెప్పిందో అలాగే చదివింది. తర్వాత ఫోన్ చెవికి దూరంగా జరిగినట్టుంది, గొంతు చిన్నదైంది.

"అన్నయ్యా."

"ఊఁ."

"నువ్వు ఇక్కడే ఉంటావు."

"మరెక్కడుంటాను? ఇవాళ నాకు డ్యూటీ లేదుగా."

"లేదు."

"నీకు?"

"సోమవారం దాకా లేదు."

నేను లైన్లో ఉన్నానన్న సంగతి మర్చిపోయినట్టుంది. కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది, అడుగుల చప్పుడు దూరంగా వెళ్లింది. కిటికీ వైపు కొంచెం జరగమని ఆమె అన్నయ్యతో అంటోంది. ఆయన జరుగుతున్నట్టున్నాడు. ఫోన్ నేనే పెట్టేశాను.